బొమ్మంటే పథకం, వాయిద్యమంటే ఖాళీ గడి: బహదూర్‌పురాలో ఒక కమాను

బహదూర్‌పురాలో జూపార్క్ గేటు దగ్గర ఆదివారాలు ఒక ముసలాయన ఫిడేళ్లు అమ్ముతాడు. భుజానికి వెదురు బొంగు, దానికి గుచ్చిన ఇరవై ముప్పై చిన్న ఫిడేళ్లు. మట్టి ముంతంత బుర్ర, దాని మీద బిగించిన పల్చటి పొర, వెదురు పుల్ల మెడ, రెండు తీగెలు, ఒక కమాను. ఆయన వాయిస్తుంటే పాత హిందీ సినిమా పాట స్పష్టంగా, కాస్త ఏడుపు గొంతుతో వినిపిస్తుంది. పిల్లలు ఆగుతారు. వంద రూపాయలంటే తల్లిదండ్రులు యాభైకి బేరమాడి డెబ్బైకి కొంటారు. ఇంటికెళ్లి పిల్ల వాయిస్తే కీచుమంటుంది తప్ప పాట రాదు. మోసపోయామనుకుంటారు.

మేమిద్దరం పరిశోధక విద్యార్థులం. పాతబస్తీలో చేతిపనుల మీద బతికేవాళ్లకు ప్రభుత్వ పథకాలు ఏ మేరకు చేరుతున్నాయో చూసే పనిలో ఆయన దగ్గరికి వెళ్లాం. మా ఫారంలో పదిహేడు ప్రశ్నలున్నాయి. ఆయన మొదటి ప్రశ్నకే మమ్మల్ని ఆపాడు.

"ఏం పని చేస్తవ్ తాతా?"

"కనబడ్తలేదా బిడ్డా? కమాను చేస్త."

ఫిడేలు చేస్తానని కాదు, అమ్ముతానని కూడా కాదు, కమాను చేస్తానన్నాడు. ఎందుకని అడిగితే బుర్రా, మెడా ఎవరైనా అతికిస్తారు, పలికించేది కమాను అన్నాడు. తను వాయించే కమాను వేరు, అమ్మే కమాన్లు వేరు అని దాచకుండా చెప్పాడు. అమ్మేవాటికి నైలాన్ పోగులు. తనదానికి గుర్రం తోక వెంట్రుకలు, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు పెంచేవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నవి. "డెబ్బై రూపాయలకు గుర్రం ఎంటిక ఎట్లస్తది?" అని మమ్మల్నే అడిగాడు.

తర్వాత కూర్చుని ఒక కమాను చేసి చూపించాడు. పండిన వెదురును నిలువునా చీల్చి, పీచు లేకుండా కత్తితో గీరి, స్టవ్ మంట మీద కొద్దికొద్దిగా కాపుతూ వంచాడు. ఒక్కసారి వంచితే విరుగుతుందని, వేడి ఎక్కువైతే నల్లబడి జీవం పోతుందని చెబుతూనే ఉన్నాడు. వెంట్రుకల కట్టను ఒక చివర ముడేసి, తడిపి, దువ్వి, ఒక్క వెంట్రుక కూడా మరోదాని మీద ఎక్కకుండా రెండో చివరకు లాగి కట్టాడు. అప్పటికి అరగంట దాటింది. ఆ తర్వాత చిన్న గాజు ముక్కలాంటి రోజన్ తీసి వెంట్రుకల మీద రుద్దాడు. పైన్ చెట్టు బంక నుంచి తీసే పదార్థమది. పిల్లల చేతిలో పాట పలకకపోవడానికి సగం కారణం ఇదే. అమ్మిన కమానుకు రాసిన రోజన్ రెండు రోజుల్లో అరిగిపోతుంది. మళ్లీ రాయాలని కొన్నవాళ్లు అడగరు, గుంపులో ఆయనకు చెప్పే తీరికుండదు.

రోజన్ ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పనిని "బొమ్మల పని" అనేవాళ్లు అక్కడే పొరబడుతున్నారు. కమాను తీగెను రుద్దదు, పట్టుకుంటుంది. జిగురు పట్టిన వెంట్రుక తీగెను పక్కకు లాక్కుపోతుంది, బిగువు పెరిగినప్పుడు తీగె జారి వెనక్కి పోతుంది, వెంటనే వెంట్రుక మళ్లీ పట్టుకుంటుంది. క్షణంలో కొన్ని వందలసార్లు ఈ పట్టూ విడుపూ జరిగితే మన చెవికి అది ఒక్క స్వరంగా వినబడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పంతొమ్మిదో శతాబ్దంలో ఫిడేలు తీగె కదలికను పరిశీలించి దీన్ని శాస్త్రంగా వివరించాడు. మా ముసలాయన దీన్ని "గీకితే ఏడుస్తది, పడితే పాడ్తది" అని ఒక్క ముక్కలో చెప్పాడు. వెదురు ఎంత వంగాలి, వెంట్రుకలు ఎంత బిగువుండాలి, రోజన్ ఎంత రాయాలి అనేవన్నీ ఈ పట్టూ విడుపూ లెక్కలే. ఆయన చేతికి తెలిసిన ఆ లెక్కను ఏ శిక్షణా కేంద్రం నేర్పలేదు.

టూర్ట్ పేరుంది, మనవాళ్ల పేరు లేదు

నేడు ప్రపంచమంతా వాడే వయొలిన్ కమానుకు తుదిరూపం ఇచ్చినవాడు పారిస్‌కు చెందిన ఫ్రాన్స్వా జేవియర్ టూర్ట్. 1835లో చనిపోయాడు. మొదట గడియారాల పని నేర్చుకుని తర్వాత తండ్రి చేసే కమాన్ల పనిలోకి వచ్చాడు. చదవడం, రాయడం రాదని ఆయన గురించి రాసినవాళ్లు నమోదు చేశారు. కర్రను చెక్కి వంచకుండా వేడితో వంచడం, వెంట్రుకలు చిక్కుపడకుండా పట్టీలా పరిచి బిగించడం ఆయన పేరుతో ముడిపడిన పద్ధతులు. ఆయన చేసిన కమాన్లు ఇవాళ వేలంలో కోట్లలో పలుకుతాయి.

వాడిన కర్ర బ్రెజిల్‌ది, పెర్నాంబుకో అంటారు. ఆ చెట్టు పేరు మీదే ఆ దేశానికి బ్రెజిల్ అనే పేరొచ్చింది. ఎర్రరంగు కోసం యూరప్ వలసపాలకులు దాన్ని శతాబ్దాలపాటు నరికారు. నరికి మోసిన చేతులు మూలవాసులవి, తర్వాత బానిసలవి. మిగిలిన చెట్లు ఎంత తక్కువంటే 2007లో ఆ జాతిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. దాన్ని మరింత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చాలని 2022 పనామా సమావేశంలో బ్రెజిల్ ప్రతిపాదించినప్పుడు ప్రపంచంలోని పెద్ద ఆర్కెస్ట్రాలన్నీ కదిలాయి, కమాను కళాకారుల బతుకు ఏమవుతుందని అడిగాయి. చెట్టు రెండో అనుబంధంలోనే ఉంది, నియమాలు మాత్రం బిగిశాయి.

ఆర్కెస్ట్రాల ఆందోళన తప్పని మేం అనడం లేదు. పారిస్‌లో కమాను చేసేవాడి గురించి ప్రపంచ వేదిక మీద చర్చ జరుగుతుంది, బహదూర్‌పురాలో కమాను చేసేవాడు ప్రభుత్వ ఫారంలో కనబడడు. ఈ రెంటికీ మధ్య దూరం ఎక్కడ మొదలైందన్నదే మా ప్రశ్న.

మన దగ్గర అది కులంలో మొదలైంది. వయొలిన్ దక్షిణాది కచేరీలోకి వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ సంగీతం దగ్గర దాన్ని నేర్చుకున్నారని సంగీత చరిత్ర చెబుతుంది. మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని తెలుగువాళ్ల ఇంటి పేరు చేశారు. హైదరాబాద్ రామ్‌కోటిలోని ప్రభుత్వ సంగీత కళాశాలలో నేటికీ వయొలిన్ నేర్పుతారు. దీనిమీద మాకు అభ్యంతరం లేదు, పరాయి వాయిద్యాన్ని మన గొంతుకు వంచుకోవడం మామూలు విషయం కాదు.

కానీ ఆదిలాబాద్ అడవుల్లో కమానుతో వాయించే తీగె వాయిద్యం మరొకటి ఉంది. పర్ధాన్లు, తోటీల చేతిలోని కిక్రి. చెక్కను తొలిచి, చర్మం కప్పి, మూడు తీగెలు కట్టి, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. గోండుల వంశగాథలన్నీ ఆ కమాను మీదే నిలబడ్డాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి ఈ గాయకుల గురించి రాశారు. వంశ చరిత్ర మొత్తం గుర్తుంచుకున్న ఈ గాయకులను, గోండులు తమకంటే తక్కువగా చూస్తారని కూడా రాశారు.

కచేరీ వేదిక మీదికి కమాను కావాల్సి వచ్చినప్పుడు మద్రాసులోని తెల్లవాళ్ల వాయిద్యం దొరికింది, పొరుగు అడవిలోని కిక్రి దొరకలేదు. అది తెలియక జరిగిందని ఎవరైనా అనొచ్చు. తెలియకపోవడం కూడా ఊరికే జరగదు, ఎవరి వాకిట్లోకి ఎవరు వెళ్లరో కులం ముందే తేల్చిపెడుతుంది.

వేదిక మీద ఒకరు, పెరట్లో ఒకరు

టి.ఎం. కృష్ణ 2020లో తెచ్చిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం ఈ విషయాన్ని మృదంగం విషయంలో బయటపెట్టింది. మృదంగం తయారుచేసేవాళ్లలో అత్యధికులు దళిత క్రైస్తవులు. ఆవుతోలు, మేకతోలు ఎంచి, కోసి, బిగించి, నల్లమచ్చ పెట్టేది వాళ్లు. వాయించి సన్మానాలు అందుకునేవాళ్లలో ఎక్కువమంది బ్రాహ్మణులు. ఆ పుస్తకం ఆవిష్కరణకు చెన్నైలోని కళాక్షేత్ర మొదట హాలు ఇచ్చి, చివరి నిమిషంలో అనుమతి వెనక్కి తీసుకుంది. సభ వేరేచోట జరిగింది. మృదంగం వేదిక ఎక్కొచ్చు, దాన్ని చేసినవాడి గురించిన పుస్తకం మాత్రం అదే ఆవరణలోకి రాకూడదన్నమాట.

వయొలిన్‌కు కూడా పాతకాలపు తీగెలు గొర్రె పేగులతో చేసినవే. పేగు, తోలు, వెంట్రుక, జిగురు అన్నీ చచ్చిన జంతువుతోనో, చెమటతోనో ముడిపడినవే. ముట్టుకున్నవాడు అంటరానివాడు అయ్యాడు, మోగినది మాత్రం పవిత్రమైంది. మా ఇద్దరిలో ఒకరి తాత పెద్దపల్లి దగ్గర ఊళ్లో డప్పులు మూసేవాడు. ఆయన చేసిన డప్పు పీర్ల పండుగలో, పెద్దోళ్ల చావుల్లో మోగింది. ఆయనకు మాత్రం కూర్చోడానికి గద్దె దొరకలేదు. ఆయన చేతి పని ఇంటికి జ్ఞాపకంగా ఒక్కటి కూడా మిగల్లేదు. అందువల్ల ఈ విషయం మాకు పుస్తకంలో చదివి తెలుసుకున్నది మాత్రమే కాదు.

దళిత కులాల లోపల కూడా ఇదే మెట్ల లెక్క నడిచిందన్న సంగతి దాటవేయకూడదు. డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రితులు. జాంబపురాణం చెప్పి, మాదిగల పుట్టుక గొప్పదని పాడేది వాళ్లే. అలా పాడినవాళ్లను మాదిగ వాడల్లో ఇళ్లలోకి రానివ్వని ఆచారం చాలాచోట్ల ఉండేది. మన గొప్ప చెప్పినవాడిని మన గడప బయట కూర్చోబెట్టాం. ఉద్యమంలో ఉన్నవాళ్లు ఈ మాట ముందు మనవైపు తిప్పుకుని మాట్లాడాలి.

డక్కలివాళ్ల వాయిద్యం కిన్నెర. దీనికి కమాను ఉండదు, వేళ్లతో మీటుతారు. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య నాగర్‌కర్నూల్ జిల్లా వాసి. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటతో రాష్ట్రమంతా ఆయన గొంతు విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోటి రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం పద్మ పురస్కార గ్రహీతలైన కళాకారులకు 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల పెన్షన్ ప్రకటించింది. ఆ మే నెలలోనే తుర్కయాంజాల్‌లో ఒక నిర్మాణంలో కూలి పని చేస్తూ మొగిలయ్య కనిపించారని పత్రికలు రాశాయి. గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయన చెప్పారు. వార్త వచ్చాక నాయకులు కదిలారు, సాయం ప్రకటనలు వచ్చాయి.

దీన్ని ఒక మనిషి దురదృష్టంగా చూపించడం పత్రికలకు అలవాటు. మాకు కనబడేది వేరు. ప్రభుత్వం పురస్కారం ఇచ్చినది ఒక గొంతుకు, ఒక ముఖానికి. కిన్నెర తయారీకి కాదు. 2024లో పద్మశ్రీ వచ్చిన నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గురించి రాసిన ప్రతి వార్తలోనూ "చివరి కళాకారుడు" అన్న మాట ఉంది. చివరివాడని తెలిశాక పురస్కారం ఇచ్చి ఊరుకుంటే దాన్ని ఏమనాలి? ఈ వాయిద్యాల్లో చేసేవాడూ వాయించేవాడూ ఒకడే. వాయించేవాడు మంచాన పడితే పాటతోపాటు తయారీ విద్య కూడా ఆగిపోతుంది. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి ఇలాంటి వాయిద్యాలను సేకరించకపోతే చాలా వాటి పేర్లు కూడా మనకు తెలిసేవి కావు. ఆ పని ఒక ప్రభుత్వ శాఖ చేయాల్సింది.

పద్దెనిమిది వృత్తుల్లో లేనిది

ఇప్పుడు మా ఫారం దగ్గరికి వద్దాం.

2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. కేటాయింపు 13,000 కోట్ల రూపాయలు. శిక్షణ రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వోచర్, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. పద్దెనిమిది వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాళాల పని, బంగారం పని, చెప్పులు కుట్టే పని, తాపీ, బుట్టలు చీపుర్లు అల్లే పని, పూలదండలు, చేపల వలలు, పడవలు, ఆయుధాల తయారీ, క్షురక వృత్తి, బట్టలు ఉతికే పని, దర్జీ ఇలా వెళుతుంది జాబితా. బొమ్మల తయారీ ఉంది. వాయిద్యాల తయారీ లేదు.

డప్పు మూసేవాడు, కిన్నెర కట్టేవాడు, కిక్రి తొలిచేవాడు, మృదంగం బిగించేవాడు ఎవరూ లేరు. పథకం పేరులో విశ్వకర్మ ఉంది కానీ తోలుతో, వెంట్రుకతో నాదం పుట్టించిన చేతులు అందులోకి రాలేదు. ఇది కుట్ర అని మేం అనం. జాబితా రాసినవాళ్లకు వాయిద్యం అంటే దుకాణంలో దొరికే వస్తువు అని అనిపించి ఉంటుంది. కేంద్ర జౌళి శాఖ కింద ఉన్న హస్తకళల కమిషనర్ కార్యాలయం మాత్రం వాయిద్యాల తయారీని హస్తకళగానే గుర్తిస్తుంది. ఒక మంత్రిత్వ శాఖ దృష్టిలో హస్తకళ, ఇంకో శాఖ దృష్టిలో ఏమీ కాదు.

మా ముసలాయనకు ఒక దారి ఉంది. తన ఫిడేలును బొమ్మ అని ఒప్పుకోవాలి. అప్పుడు పథకంలోకి వస్తాడు.

అక్కడితో అయిపోదు. బొమ్మ అన్న క్షణం నుంచి ఇంకో చట్టం వచ్చి పడుతుంది. 2021 జనవరి నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మకు ఐఎస్ఐ గుర్తు ఉండాలి. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది. అంటే ముందు హస్తకళాకారుడిగా కార్డు తీసుకోవాలి. అదే వస్తువును వాయిద్యం అంటే ఐఎస్ఐ గొడవ లేదు, చేతితో చేసిన దేశీయ వాయిద్యాలకు జీఎస్టీ మినహాయింపు కూడా ఉంది. కానీ నెలకు ఏ కొద్దిపాటి అమ్మకమో ఉన్నవాడికి జీఎస్టీ మినహాయింపుతో ఒరిగేదేమీ లేదు, ఎలాగూ ఆయన ఆ పరిధిలోకే రాడు. పనికొచ్చే సాయం బొమ్మ వైపు ఉంది, పనికిరాని సాయం వాయిద్యం వైపు ఉంది. ఫుట్‌పాత్ మీద ఐఎస్ఐ గుర్తు ఎవరూ అడగరన్నది నిజమే. అడగని చట్టం కూడా పేదవాడి నెత్తిమీద వేలాడుతూనే ఉంటుంది. ఏదో ఒకరోజు ఎవరో ఒక చిన్న అధికారికి అది గుర్తొస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. వీధి వ్యాపారిగా పీఎం స్వనిధి రుణం తీసుకుని పూర్తిగా కట్టనివాడు విశ్వకర్మ రుణానికి అర్హుడు కాడు. కోవిడ్ కాలంలో పదివేల స్వనిధి తీసుకుని కొన్ని కిస్తీలు ఎగ్గొట్టినవాళ్లు పాతబస్తీలో మాకు చాలామంది కలిశారు. ఒక చేత్తో వీధి వ్యాపారి, ఇంకో చేత్తో చేతివృత్తి అన్నవాళ్లు ప్రభుత్వ లెక్కల్లో రెండు వేరువేరు మనుషులు. అమ్మేది తను చేసిందే అయినప్పుడు ఈ విభజన అర్థం లేనిది.

విశ్వకర్మ పథకానికి ఇంకో వైపు నుంచి వచ్చిన విమర్శను కూడా ఇక్కడ చూడాలి. కుటుంబ పరంపరగా వస్తున్న వృత్తి అన్న షరతు కుల వృత్తినే గట్టిపరుస్తుందని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2024 నవంబర్‌లో కేంద్రానికి రాసి, ఈ రూపంలో అమలు చేయబోమన్నారు. 2025 ఏప్రిల్‌లో కుటుంబ వృత్తి షరతు లేకుండా, ఇరవై ఐదు చేతివృత్తులతో తమ సొంత పథకం తెచ్చారు. ఈ విమర్శతో మేం ఏకీభవిస్తాం. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ చెప్పిన వాదన ఇదే: పుట్టుక చూసి పని అంటగట్టే పద్ధతి ఆర్థికంగా కూడా నష్టమే.

కానీ ఈ వాదనను సగంలో ఆపేసేవాళ్లు కొందరున్నారు. కుల వృత్తి వదిలేయాలి కాబట్టి కిన్నెర, డప్పు, కిక్రి పోతే పోనీ అంటారు. వయొలిన్ పిల్లలకు నేర్పించే మధ్యతరగతి ఇంట్లో ఎవరూ అలా అనరు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అది కుల వృత్తి అని ఎవరూ అడ్డుపడలేదు. పనిలోని విద్య కులం ఇచ్చింది కాదు, కులం ఉన్నా సరే మనుషులు సంపాదించుకున్నది. ఆ విద్య ఎవరైనా నేర్చుకోగలగాలి, నేర్పినవాడికి మాస్టారు జీతం రావాలి, ఆ ఇంటి పిల్ల మాత్రం అది నేర్చుకోనక్కర్లేదు. సంగీత కళాశాలలో కిక్రి, కిన్నెర తయారీని ఒక కోర్సుగా పెట్టి, పర్ధాన్ గాయకుడినో డక్కలి కళాకారుడినో అధ్యాపకుడిగా తీసుకోవడానికి డిగ్రీ అడ్డమైతే ఆ నిబంధన మార్చాలి. టూర్ట్‌కు చదవడం రాదు కదా.

వర్గీకరణ చర్చ కూడా ఇక్కడ కలుస్తుంది. 2024 ఆగస్టు 1న ఎస్సీ ఉపవర్గీకరణకు సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1తో మార్గం తెరిచింది. జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ సిఫార్సులతో తెలంగాణ చట్టం చేసి 2025 ఏప్రిల్ 14 నుంచి అమలు పెట్టింది. 59 కులాలు మూడు గ్రూపులు. మొదటి గ్రూపులో డక్కల్, బేడ బుడగ జంగం, మాంగ్, మాష్టి, మెహతర్ వంటి 15 కులాలు. ఎస్సీ జనాభాలో సుమారు 3.3 శాతం ఉన్న వీళ్లకు ఒక శాతం. లెక్క ప్రకారం జనాభా కంటే ఎక్కువే ఇచ్చారు. అయితే ఉద్యోగానికి దరఖాస్తు చేయాలంటే ముందు డిగ్రీ ఉండాలి, డిగ్రీకి ముందు బడి, బడికి ముందు కుల ధ్రువీకరణ పత్రం. ఊరూరా తిరిగి పాడుకునే కుటుంబానికి స్థిర చిరునామా లేక ఆ పత్రం దగ్గరే బండి ఆగుతుంది. నిండని పోస్టులు తర్వాతి గ్రూపుకు వెళతాయి. కాగితం మీద అందరికంటే ముందున్న గ్రూపు, భర్తీ దగ్గరికి వచ్చేసరికి ఖాళీగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. చట్టం తెచ్చుకోవడానికి ముప్పై ఏళ్లు పోరాడిన మాదిగ సోదరులు, డక్కలి పిల్లల ధ్రువీకరణ పత్రాల కోసం తహసీల్దార్ ఆఫీసు ముందు కూర్చునే రోజు ఎప్పుడొస్తుందో చూడాలి. జాంబపురాణం బాకీ కొంతైనా తీరుతుంది.

పైనుంచి పోయే రోడ్డు

బహదూర్‌పురాలో ఈ మూడేళ్లలో మారినది రోడ్డు. 2022 ఏప్రిల్‌లో బహదూర్‌పురా చౌరస్తా ఫ్లైఓవర్ వచ్చింది. 2025 జనవరి 6న ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచి మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. పాలమూరు వైపు నుంచి వచ్చే బండ్లు ఇప్పుడు గంటల తరబడి ఆగక్కర్లేదు. అందరికీ మంచిదే. బండి ఆగినప్పుడు కిటికీలోంచి చెయ్యి చాపి ఫిడేలు కొన్నవాళ్లు మాత్రం ఇప్పుడు పైనుంచి పోతున్నారు. ముసలాయన అమ్మకం జూ గేటు దగ్గరికి కుదించుకుపోయింది. సోమవారం జూకు సెలవు, ఆయనకూ సెలవు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వ్యాపార స్థలాలను గుర్తించి కేటాయించాలి. ఫ్లైఓవర్ గీసినప్పుడు స్తంభాలు ఎక్కడ పడతాయో గీశారు, కింద అమ్ముకునేవాళ్లు ఎక్కడ నిలబడాలో ఎవరూ గీయలేదు.

ఆయన కొడుకు బండి మీద తిండి పార్సిళ్లు చేరవేస్తాడు. కమాను చేయడం రాదు, నేర్చుకోలేదు. "మంచిగైంది" అన్నాడు ముసలాయన. కాసేపాగి, "మనవడు గీకుతడు, వానికి చెయ్యి ఉన్నది" అని కూడా అన్నాడు. ఆ రెండు మాటల్లో ఏది ఎక్కువ నిజమని మేం అడగలేదు.

మా ఫారంలో ఎనిమిదో ప్రశ్న కులం. అడిగాం. "బతుకుదెరువు రాయి" అన్నాడు. మళ్లీ అడగలేదు, ఇక్కడ ఊహించి రాయడమూ లేదు.

ఆ రోజు సాయంత్రం ఆయనను దగ్గర్లోని ఆన్‌లైన్ సెంటర్‌కు తీసుకెళ్లాం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం అన్నీ ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా ఉన్నాయి. ఆపరేటర్ కుర్రాడు వృత్తి గడి తెరిచి పద్దెనిమిది పేర్లు పైనుంచి కిందికి చదివాడు. చాచా, ఏది పెట్టమంటవ్ అని అడిగాడు.

"ఫిడేలు."

"లేదు చాచా. బొమ్మలు పెట్టాల్నా?"

ముసలాయన మావైపు చూశాడు. మేం తలూపాం. అప్పుడు ఆయన సంచిలోంచి కమాను తీసి, రోజన్ రాసి, ఆ గదిలో ఉన్న నలుగురికీ వినబడేలా ఒక చరణం వాయించాడు. కుర్రాడు మౌస్ మీద చెయ్యి అలాగే పెట్టి విన్నాడు. అయిపోయాక, "బొమ్మలే పెడ్త, లేకుంటే సబ్‌మిట్ కాదు" అన్నాడు.

దరఖాస్తు సంఖ్య ఉన్న కాగితం ముసలాయన కవర్లో ఉంది. జీహెచ్ఎంసీ స్థాయి పరిశీలన కోసం ఎదురుచూస్తున్నాం.